చారచక్షువు: రామేశ్వర్ నాథ్ కావ్

రాజును 'చారచక్షువు' అని వ్యవహరించడం మన ప్రాచీన సాహిత్యంలో తరచు కనిపిస్తుంది. చారులే కన్నులుగా గలవాడు అని ఆ సమాసానికి అర్థం. మనిషికి కన్నులు రెండైనా అవి చూపేది ఒకే దృశ్యాన్ని. ఆ పొందిక లోపిస్తే దానిని మెల్లకన్ను అంటాం. రాజ్యానికి ఉండే అనేక నేత్రాల విషయంలోనూ చిక్కు ఇదే. కౌటిల్యుడు ఈ చిక్కును చక్కగా గుర్తించాడు. ఒకచోట స్థిరంగా నిలిచి పనిచేసే చారులను 'సంస్థలు' అని, దేశమంతటా తిరుగుతూ పనిచేసేవారిని 'సంచారులు' అని అర్థశాస్త్రంలో విభజించాడు. ముగ్గురు చారులు వేర్వేరుగా తెచ్చిన వార్త ఏకీభవించినప్పుడే దానిని నమ్మదగినదిగా స్వీకరించాలన్నాడు. నేటి గూఢచార విభాగాలను కూడా మనం 'సంస్థలు' అనే పిలుస్తున్నాం. కౌటిల్యుని మాట ఇన్ని శతాబ్దాల తరువాత కొత్త అర్థంతో మన వాడుకలోకి రావడం ఒక వింత.

వార్తను సేకరించడం ఒక ఎత్తు. పలువురు సేకరించిన వార్తలను ఒకచోట చేర్చి, సరిపోల్చి, కావలసినవారికి కావలసిన వేళకు అందించడం మరొక ఎత్తు. మొదటి పనిలో సాహసం ఉంది, కథలున్నాయి, చలనచిత్రాలున్నాయి. రెండవ పనిలో కనిపించేవి కాగితాలు, సమావేశాలు, ఓపిక మాత్రమే. స్వతంత్ర భారతదేశంలో ఈ రెండవ పనిని ఒక విద్యగా తీర్చిదిద్దినవారిలో అగ్రగణ్యులు రామేశ్వర్ నాథ్ కావ్.

ఆయన 1918 మే 10వ తేదీన వారణాసిలో జన్మించారు. కాశ్మీరు నుండి ఉత్తర భారతానికి తరలివచ్చిన పండిత కుటుంబం వారిది. బాల్యంలోనే తండ్రి మరణించడంతో సమీప బంధువుల సంరక్షణలో పెరిగారు. బరోడాలో ఇంటర్మీడియట్, లక్నో విశ్వవిద్యాలయంలో పట్టభద్రత పూర్తిచేసి, అలహాబాదులో ఆంగ్ల సాహిత్యం అభ్యసించారు. 1940లో పోలీసు సర్వీసులో చేరారు. ఆంగ్ల కవిత్వం చదివినవాడు పోలీసు కావడం ఆ రోజులలో అరుదైన విషయమేమీ కాదు. అయితే మాటను తూచి పలకడం, అవసరమైనదానికంటే ఒక్క వాక్యం కూడా ఎక్కువ రాయకపోవడం ఆయనకు సాహిత్యం నేర్పిన గుణాలని అనుకోవచ్చు.

స్వాతంత్ర్యం వచ్చిన 1947లో ఆయన ఇంటెలిజెన్స్ బ్యూరోకు బదిలీ అయ్యారు. బ్రిటిషువారి కాలం నుండి దేశంలో నిఘా పని అంతా ఆ ఒక్క సంస్థ చేతిలోనే ఉండేది. దేశం లోపలి కుట్రలనూ, సరిహద్దుల వెలుపలి కదలికలనూ గమనించవలసింది ఆ సంస్థే. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ భద్రతా బాధ్యతలు చూసేవారిలో యువకుడైన కావ్ ఒకరు. సంస్థ అధిపతి బి.ఎన్. మల్లిక్ ఆయన సామర్థ్యాన్ని గుర్తించారు. 1955లో ఎదురైన ఒక విషాదం ఆ సామర్థ్యానికి గట్టి పరీక్ష పెట్టింది.

ఆ ఏడాది ఏప్రిల్‌లో ఇండోనేషియాలోని బాండుంగ్ నగరంలో ఆసియా, ఆఫ్రికా దేశాల మహాసభ జరుగనున్నది. చైనా ప్రతినిధులను తీసుకువెళ్లడానికి ఎయిర్ ఇండియాకు చెందిన 'కాశ్మీర్ ప్రిన్సెస్' అనే విమానాన్ని అద్దెకు మాట్లాడారు. ఏప్రిల్ 11వ తేదీన హాంకాంగ్ నుండి బయలుదేరిన ఆ విమానం దక్షిణ చైనా సముద్రం మీదుగా ఎగురుతుండగా పేలుడు సంభవించి సముద్రంలో పడిపోయింది. అందులో ఉన్న 19 మందిలో 16 మంది మరణించారు. ప్రాణాలతో బయటపడిన ముగ్గురూ భారతీయ సిబ్బందే. ఆ దాడి చైనా ప్రధాని చౌ ఎన్‌లైని ఉద్దేశించినదని అందరూ భావించారు. కాని ఆయన ఆ విమానంలో లేరు.

ఈ దుర్ఘటనలో మన పాఠానికి ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. ఏదో విద్రోహం జరగవచ్చునన్న సమాచారం చైనా ప్రభుత్వానికి ముందుగానే అందింది. విమానం బయలుదేరడానికి ముందు రోజే బీజింగ్‌లోని బ్రిటిషు దౌత్య కార్యాలయానికి వారు ఆ మాట చెప్పారు కూడా. కాని ఎంత చెప్పాలో అంత చెప్పలేదు. విన్నవారు దానిని విమానాశ్రయం వద్ద అల్లరి చేస్తారేమోనన్న హెచ్చరికగా గ్రహించారు కాని, విమానంలో బాంబు పెడతారని ఊహించలేదు. హాంకాంగ్ అధికారులు అందుకు తగిన కాపలా ఏర్పాటు చేశారు. విమానాన్ని శుభ్రపరిచే పనివారిపై మాత్రం వారి దృష్టి పడలేదు. వార్త బీజింగ్‌లో పుట్టి, బ్రిటిషు దౌత్య కార్యాలయం దాటి, హాంకాంగ్ పోలీసుల వద్దకు చేరేసరికి దాని పదును పోయింది.

దర్యాప్తులో భారత ప్రభుత్వ ప్రతినిధిగా నెహ్రూ కావ్‌ను పంపారు. అప్పటికి ఆయన వయస్సు 37 ఏళ్లు మించలేదు. విమానం భారతదేశానిది, అది బయలుదేరిన గడ్డ బ్రిటిషువారిది, మరణించిన ప్రతినిధులు వెళ్లింది చైనా నుండి, శకలాలు పడింది ఇండోనేషియా సమీప జలాలలో, అనుమానం తైవాన్‌పై. ఇందులో ఏ ఇద్దరికీ ఒకరిపై ఒకరికి పూర్తి నమ్మకం లేదు. హాంకాంగ్ పోలీసులకు తమ ఆధారాలన్నీ చూపితే తమ రహస్య వార్తాహరుల ఉనికి బయటపడుతుందని చైనావారి భయం. ఆ ఆధారాలు చూడనిదే ఎవరినీ నిర్బంధించలేమని బ్రిటిషువారి వాదన. కావ్ ఉభయుల మధ్య నెలల తరబడి తిరిగారు. చౌ ఎన్‌లైని స్వయంగా కలుసుకున్నారు. ఒకరు చెప్పినదానిని మరొకరికి చేరవేసేటప్పుడు ఏ మాట దాచాలో, ఏ మాట చెప్పకపోతే పని సాగదో తేల్చుకోవడమే ఆయన నిత్యకృత్యమైంది.

కుడి రెక్క భాగంలో చక్రాలు ముడుచుకునే చోట కాలనియమిత బాంబును అమర్చారని ఇండోనేషియా విచారణలో తేలింది. విమానాన్ని శుభ్రపరిచే ఒక కార్మికుడే ఆ పని చేశాడని హాంకాంగ్ పోలీసులు నిర్ధారించారు. కాని అతడు మే 18వ తేదీననే మరో విమానంలో తైవాన్‌కు పారిపోయాడు. తైవాన్ అతనిని అప్పగించలేదు. నిందితుడు చేజారినందున దర్యాప్తు విఫలమైందని చెప్పడం సులభం. అయినా పరస్పరం శంకించుకునే దేశాల పోలీసుల చేత ఒకే నిర్ణయం చేయించగలగడం చిన్న విషయం కాదు. ఉభయ పక్షాలవారూ కావ్‌ను నమ్మారు. నిఘా సంస్థల మధ్య సహకారానికి ఒప్పందపత్రాలకంటే ముందు కావలసిన మూలధనం ఇటువంటి నమ్మకమే.

తరువాత కొన్నేళ్లకు ఆఫ్రికాలోని ఘనా దేశం స్వతంత్రమైంది. ఆ దేశ నాయకుడు క్వామే ఎన్‌క్రూమా కోరిక మేరకు అక్కడ విదేశీ నిఘా విభాగాన్ని నెలకొల్పే పని కావ్‌కు అప్పగించారు. ఇతరుల దేశంలో ఒక సంస్థకు పునాది వేసిన ఆ అనుభవం ఆయనకు స్వదేశంలో అక్కరకు వచ్చే రోజు దగ్గరలోనే ఉన్నది.

1962లో చైనాతో జరిగిన యుద్ధం భారతదేశాన్ని కుదిపివేసింది. అందరి వేళ్లూ నిఘా వ్యవస్థ వైపే చూపాయి. సరిహద్దులో చైనా నిర్మించుకుంటున్న రోడ్లను గురించీ, స్థావరాలను గురించీ తాము ఎన్నో నివేదికలు పంపామని ఇంటెలిజెన్స్ బ్యూరో వాదించింది. ఆ నివేదికలు యుద్ధం చేయడానికి పనికివచ్చేవి కావని సైన్యం వాదించింది. 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగినప్పుడూ ఇదే వివాదం పునరావృతమైంది. శత్రువు సమకూర్చుకున్న కొత్త కవచ వాహన డివిజన్ సంగతి తమకు తెలియనే తెలియదని సైన్యం ఆక్షేపించింది.

చెప్పామన్నది ఒక పక్షం, చెప్పినది అక్కరకు రాలేదన్నది మరొక పక్షం. రెండు మాటలలోనూ కొంత నిజం ఉన్నది. సైనికాధికారికి కావలసినది ఏ లోయలో ఎన్ని ఫిరంగులు, ఏ దారిలో ఎన్ని ట్యాంకులు అన్న లెక్క. నిఘా అధికారి రాసేది శత్రువు ఉద్దేశాన్ని గురించిన అంచనా. ఒకరి భాష ఒకరికి తెలియదు. దీనికి తోడు ప్రతి సంస్థకూ తన వార్తాహరుని కాపాడుకోవలసిన బాధ్యత ఉంటుంది. ఒక రహస్యం ఎందరికి తెలిస్తే దానిని తెచ్చినవాని ప్రాణానికి అంత ముప్పు. అందువల్ల అవసరమైనవారికి, అవసరమైనంత మాత్రమే చెప్పాలన్నది ఆ వృత్తిలో తొలి నియమం. విదేశీ సంస్థ ఇచ్చిన సమాచారాన్ని ఇచ్చినవారి అనుమతి లేకుండా మూడవవారికి అందించరాదన్నది మరొక నియమం. రెండూ మంచి నియమాలే. కాని వీటి చాటున పదవీ స్పర్ధలు, గొప్ప తమకే దక్కాలన్న తాపత్రయం తలదాచుకోవడం కూడా సులభమే. ఏది నిజమైన గోప్యతో, ఏది గోప్యత పేరుతో సాగే పిసినారితనమో విడదీసి చూడగలవారు ఏ కాలంలోనైనా అరుదు.

చైనా యుద్ధం తరువాత 1963లో ఏవియేషన్ రీసెర్చ్ సెంటర్ అనే విభాగం ఏర్పడింది. విమానాల నుండి ఛాయాచిత్రాలు తీసి సరిహద్దు కదలికలను గమనించడం దాని పని. దాని తొలి అధిపతి కావ్. ఒడిషాలోని చార్‌బాతియా దాని ప్రధాన స్థావరాలలో ఒకటి. చైనా శక్తి పెరుగుతున్నదని కలవరపడుతున్న అమెరికా దీనికి తోడ్పడింది. ఆ రెండు దేశాల సంస్థలు కలిసి 1965లో నందాదేవి శిఖరంపై అణుశక్తితో నడిచే పరికరాన్ని అమర్చబోయి, మంచు తుపానులో దానిని పోగొట్టుకున్న ఉదంతం 1978లో లోకానికి వెల్లడైంది. చైనా అణుపరీక్షలను పసిగట్టడానికి తలపెట్టిన పని అది. ఆ పరికరం ఇప్పటికీ దొరకలేదు. మిత్రసంస్థల సహకారంలో లాభాలే కాక ఇటువంటి శేషాలు కూడా ఉంటాయి.

1968 సెప్టెంబరు 21వ తేదీన ప్రధాని ఇందిరాగాంధీ ఇంటెలిజెన్స్ బ్యూరోను విభజించారు. విదేశీ వ్యవహారాల నిఘా కోసం రీసెర్చ్ అండ్ అనాలిసిస్ వింగ్ ఏర్పడింది. వాడుకలో దీనిని 'రా' అంటారు. 'పరిశోధన, విశ్లేషణ విభాగం' అన్న ఆ పేరు వింటే ఏదో గ్రంథాలయశాఖ అనిపిస్తుంది. అలా అనిపించడమే దాని ప్రయోజనం. ఈ సంస్థకు తొలి అధిపతి కావ్. పాత సంస్థ నుండి వచ్చిన సుమారు 250 మందితో ఆయన పని ప్రారంభించారు. కె. శంకరన్ నాయర్ ఆయనకు కుడి భుజం. పోలీసులనే కాక ఇతర రంగాలవారిని కూడా ఆయన సంస్థలోకి తీసుకున్నారు. ఆయన చేతిలో తయారైన అధికారులను తరువాతి కాలంలో చమత్కారంగా 'కావ్‌బాయ్స్' అని పిలిచేవారు.

సంస్థను కేబినెట్ సచివాలయం పరిధిలో ఉంచడంలో ఒక ఆలోచన ఉన్నది. అది ఏ ఒక్క మంత్రిత్వ శాఖకూ చెందదు. రక్షణ, విదేశాంగ, హోం శాఖలు మూడింటికీ అది వార్తలు అందించాలి. ఈ వార్తలనూ, ఇంటెలిజెన్స్ బ్యూరో వార్తలనూ, త్రివిధ దళాల నిఘా విభాగాల వార్తలనూ పోల్చి చూసి ఉమ్మడి అంచనా తయారుచేయడానికి సంయుక్త నిఘా సంఘం ఉండేది. అంతకుముందు సైనిక దళాధిపతుల కింద ఉన్న ఆ సంఘాన్ని కూడా 1965లో కేబినెట్ సచివాలయానికి మార్చారు. కౌటిల్యుడు చెప్పిన ముగ్గురు చారుల ఏకవాక్యత ఈ విధంగా ఒక కార్యాలయ రూపం ధరించింది.

ఈ ఏర్పాటుకు పరీక్షాకాలం 1971. ఆ ఏడాది మార్చి 25వ తేదీ రాత్రి పాకిస్తాన్ సైన్యం తూర్పు బెంగాల్ ప్రజలపై దారుణమైన దాడి ప్రారంభించింది. నెలలు గడిచేకొద్దీ దాదాపు కోటిమంది శరణార్థులు భారతదేశంలోకి వచ్చారు. అప్పుడు ఢిల్లీలో సమష్టిగా పనిచేసిన బృందాన్ని గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రధాని సలహాదారుగా పి.ఎన్. హక్సర్, దౌత్యంలో డి.పి. ధర్, విదేశాంగ కార్యదర్శిగా టి.ఎన్. కౌల్, సైన్యాధిపతిగా జనరల్ మానెక్‌షా, నిఘాకు కావ్. ముక్తివాహిని యోధులకు తొలి రోజులలో తోడుగా నిలిచినది కె.ఎఫ్. రుస్తుంజీ నాయకత్వంలోని సరిహద్దు భద్రతా దళం. శిక్షణ బాధ్యత తరువాత సైన్యం స్వీకరించింది. చిట్టగాంగ్ కొండలలో పోరాడినది మేజర్ జనరల్ ఉబన్ నడిపిన ప్రత్యేక సరిహద్దు దళం. ఈ దళాలలో ప్రతిదానికీ వేరువేరు అధిపతులున్నారు, వేరువేరు లెక్కపుస్తకాలున్నాయి. ఒకరి పని మరొకరికి అడ్డుపడకుండా చూడడంలో కావ్ పాత్ర గణనీయమైనది. వేసవిలోనే యుద్ధానికి దిగాలన్న ఒత్తిడి ఉన్నా, సైన్యం సిద్ధమయ్యేవరకు ఆగాలన్న నిర్ణయం నిలిచింది. మధ్యలో దొరికిన ఆ కాలాన్ని నిఘా విభాగాలు వృథా చేయలేదు.

నవంబరు చివరలో కావ్ విభాగానికి ఒక రహస్య వార్త అందింది. డిసెంబరు 1వ తేదీన పాకిస్తాన్ వైమానిక దాడి చేయనున్నదని దాని సారాంశం. వాయుసేన విమానాలను చెదరగొట్టి సిద్ధంగా ఉంచింది. ఆ రోజు ఏమీ జరగలేదు. మరునాడూ జరగలేదు. పైలట్లను ఎంతకాలం ఇలా అప్రమత్తంగా ఉంచగలమని వాయుసేన ప్రశ్నించింది. మరొక్క రోజు ఓపిక పట్టమని నిఘా విభాగం కోరింది. డిసెంబరు 3వ తేదీ సాయంత్రం పాకిస్తాన్ విమానాలు మన స్థావరాలపై విరుచుకుపడ్డాయి. అప్పటికే అప్రమత్తంగా ఉన్నందున మనకు కలిగిన నష్టం స్వల్పం. ఆనాటి సహచరులు తమ గ్రంథాలలో నమోదు చేసిన ఈ సంఘటనను సాధారణంగా నిఘా విజయంగా చెప్పుకుంటారు. నా దృష్టిలో ఇది వాయుసేన విజయం కూడా. తేదీ తప్పిన వార్తను తెచ్చినవారిని పరిహసించి తోసిపుచ్చక, ఇంకొక్క రోజు నమ్మినవారు వారు.

అదే రాత్రి మన విశాఖపట్నం తీరంలో మరొక ఘట్టం జరిగింది. ఇది కావ్ సంస్థ చేసినది కాదు, నౌకాదళానిది. అయినా సేకరించిన వార్త చర్యగా మారే తీరుకు ఇంతకంటే మంచి ఉదాహరణ మన తీరంలో మరొకటి లేదు. విమానవాహక నౌక 'విక్రాంత్'ను ముంచడానికి పాకిస్తాన్ 'ఘాజీ' అనే జలాంతర్గామిని బంగాళాఖాతానికి పంపింది. పట్టుబడిన వైర్‌లెస్ సంకేతాలను బట్టి మన నౌకాదళం ఆ సంగతి గ్రహించింది. తూర్పు నౌకాదళ అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ విక్రాంత్‌ను అండమాన్ వైపు తరలించి, అది విశాఖ సమీపంలోనే ఉన్నదన్న భ్రమ కల్పించారు. 'రాజ్‌పుత్' అనే చిన్న నౌక చేత విక్రాంత్ వలె సంకేతాలు పంపించారు. డిసెంబరు 3వ తేదీ అర్ధరాత్రి దాటిన తరువాత పెద్ద పేలుడు వినిపించింది. మన జాలరులు సముద్రంలో తేలుతున్న శకలాలను చూసి తీరానికి వార్త తెచ్చారు. రాజ్‌పుత్ ప్రయోగించిన పేలుడు గుళ్ల వల్లనే ఘాజీ మునిగిందని మన నౌకాదళం, తన మందుపాతర వల్లనో లోపలి పేలుడు వల్లనో మునిగిందని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. అది వెతుకుతూ వచ్చిన నౌక మాత్రం అక్కడ లేదు. సంకేతాలను విన్నవారు, వాటిని అర్థం చేసుకున్నవారు, ఓడలను నడిపినవారు, చివరకు జాలరులు కూడా ఒకే గొలుసులో కడియాలైన రాత్రి అది.

డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది. బంగ్లాదేశ్ అవతరించింది. కావ్ పేరు పత్రికలలో రాలేదు. ఆయన కోరుకున్నదీ అదే.

1975లో సిక్కిం భారతదేశంలో 22వ రాష్ట్రంగా చేరడం వెనుక కూడా ఆయన బృందం కృషి ఉన్నది. దానిని రాజనీతి చతురతగా మెచ్చుకున్నవారూ ఉన్నారు, చిన్న రాజ్యంపై పెద్ద దేశం ఒత్తిడిగా విమర్శించినవారూ ఉన్నారు. ఆ చర్చ ఇక్కడ అప్రస్తుతం. అదే ఏడాది జరిగిన మరొక సంఘటన ఆయన మనస్సును ఎక్కువగా బాధించి ఉండాలి.

బంగ్లాదేశ్ నాయకుడు షేక్ ముజిబుర్ రహమాన్‌పై సొంత సైన్యంలోనే కొందరు కుట్ర పన్నుతున్నారని 'రా'కు తెలిసింది. 1974 డిసెంబరులో కావ్ స్వయంగా ఢాకా వెళ్లి, తోటలో నడుస్తూ ముజిబ్‌కు ఆ విషయం విన్నవించారు. వారందరూ తన బిడ్డలవంటివారని, తనకు హాని తలపెట్టరని ముజిబ్ కొట్టిపారేశారు. 1975 మార్చిలో కావ్ మరొక అధికారి ద్వారా మరిన్ని వివరాలు పంపారు. ఫలితం లేకపోయింది. ఆగస్టు 15వ తేదీన ముజిబ్‌నూ, ఆయన కుటుంబంలో చాలామందినీ హత్య చేశారు. విదేశాలలో ఉన్న ఇద్దరు కుమార్తెలు మాత్రం మిగిలారు. ఇక్కడ వార్త నిజమైనది, వేళకు చేరింది, చేరవలసిన వ్యక్తికే చేరింది. వినేవారి మనస్సులోని చివరి తలుపును తెరిచే శక్తి మాత్రం ఏ నిఘా సంస్థకూ లేదు.

అత్యవసర పరిస్థితి కాలంలో 'రా'పై తీవ్రమైన ఆరోపణలు వచ్చాయి. విదేశాలకు పరిమితం కావలసిన సంస్థను దేశంలోని ప్రత్యర్థులపై ప్రయోగించారని ప్రతిపక్షాలు విశ్వసించాయి. ప్రధానికి నేరుగా జవాబుదారీగా ఉండడం సంస్థకు బలమని లోగడ చెప్పుకున్నాం. అదే ఏర్పాటు ఇప్పుడు అనుమానాలకు మూలమైంది. పార్లమెంటుకు జవాబు చెప్పవలసిన పద్ధతి ఏదీ దానికి లేదు. అనేక ప్రజాస్వామ్య దేశాలు నిఘా సంస్థలపై చట్టసభల పర్యవేక్షణను ఏర్పరచుకున్నాయి. మన దేశంలో అటువంటి ఏర్పాటు లేని కారణంగా, ఆ ఆరోపణలు నిజమో కాదో తేల్చిచెప్పే వేదిక కూడా లేకపోయింది. 1977లో జనతా ప్రభుత్వం వచ్చిన తరువాత కావ్ పదవి నుండి వైదొలగారు. సంస్థ నిధులకు, కార్యకలాపాలకు కోత పడింది.

ఇందిరాగాంధీ మళ్లీ అధికారంలోకి వచ్చిన తరువాత 1981లో ఆయనను భద్రతా వ్యవహారాల సలహాదారుగా నియమించారు. ఈసారి ఆయన చేతిలో సంస్థ లేదు, సంస్థలను కలిపే బాధ్యత ఉన్నది. దీర్ఘకాలిక అంచనాల కోసం ఆయన ఏర్పరచిన చిన్న పరిశోధన బృందం తరువాతి కాలపు జాతీయ భద్రతా మండలి సచివాలయానికి పూర్వరూపమని నిపుణులు భావిస్తారు. 1984 జూన్‌లో స్వర్ణదేవాలయంపై జరిగిన సైనిక చర్య తరువాత ప్రధాని ప్రాణానికి ముప్పు పెరిగిందన్నది అందరికీ తెలిసిన విషయమే. అంగరక్షకుల విషయంలో జాగ్రత్తలు సూచించారు. వాటిని కొంత అమలు చేసి మళ్లీ సడలించారు. అక్టోబరు 31వ తేదీన అంగరక్షకులే ఆమెను కాల్చి చంపారు. ఆ సమయానికి కావ్ చైనా పర్యటనలో ఉన్నారు. 1955లో ఎవరి ప్రధానిపై జరిగిన కుట్రను ఛేదించడానికి వెళ్లారో ఆ దేశంలో ఉండగానే, తన ప్రధాని మరణవార్త వినవలసి వచ్చింది. తరువాత కొద్దికాలానికే ఆయన ప్రభుత్వ బాధ్యతల నుండి పూర్తిగా తప్పుకున్నారు.

1999లో కార్గిల్ శిఖరాలపై పాకిస్తాన్ చొరబాటు జరిగినప్పుడు ఆయన వయస్సు 81 ఏళ్లు. ఆ యుద్ధం తరువాత కె. సుబ్రహ్మణ్యం అధ్యక్షతన నియమించిన సమీక్షా సంఘం నివేదికను చదివితే, 1962నాటి, 1965నాటి ఫిర్యాదులే మళ్లీ వినిపిస్తాయి. వేర్వేరు సంస్థల వద్ద విడివిడి ఆనవాళ్లున్నాయి, వాటిని ఒకచోట పేర్చి చూసినవారు లేరు. 2001లో మంత్రుల బృందం చేసిన సిఫారసులపై బహుళ సంస్థల సమాచార కేంద్రం ఇంటెలిజెన్స్ బ్యూరోలో ఏర్పడింది. 2002లో త్రివిధ దళాలకు ఉమ్మడి నిఘా సంస్థ వచ్చింది. అయినా 2008 నవంబరులో సముద్ర మార్గాన వచ్చిన ఉగ్రవాదులు ముంబైలో 166 మంది ప్రాణాలు తీశారు. సముద్రం మీదుగా దాడి జరగవచ్చునన్న సూచనలు అంతకుముందే అందినా, వాటిని కలిపి చూసి తీరంలో తగిన కాపలా పెట్టడం జరగలేదు. ఆ డిసెంబరు 31వ తేదీన ప్రభుత్వం ఆ సమాచార కేంద్రాన్ని పునర్వ్యవస్థీకరించింది. సంస్థలన్నీ తమ సమాచారాన్ని దానితో పంచుకోవాలని, అది తిరిగి సంస్థలకూ రాష్ట్రాలకూ అందించాలని ఉత్తర్వు చేసింది. ఉగ్రవాద నేరాల దర్యాప్తు కోసం జాతీయ దర్యాప్తు సంస్థ ఏర్పడినదీ అప్పుడే. పంచుకోవాలని ఉత్తర్వు జారీ చేయవలసి రావడమే ఈ వ్యాధి ఎంత పాతదో తెలుపుతుంది.

ఈ చివరి మార్పులను కావ్ చూడలేదు. పదవీ విరమణ తరువాత ఆయన ఢిల్లీలో నిరాడంబరంగా జీవించారు. సభలకు వెళ్లేవారు కాదు, పత్రికలతో మాట్లాడేవారు కాదు. ఛాయాచిత్రం తీయబోతే తప్పుకునేవారు. శిల్పకళపై ఆయనకు గాఢమైన ఆసక్తి. గుర్రాల బొమ్మలు మలచడంలో పొద్దుపుచ్చేవారు. తన అనుభవాలను గ్రంథంగా రాయలేదు. చివరి సంవత్సరాలలో మాత్రం కొన్ని జ్ఞాపకాలను చెప్పి నమోదు చేయించి, ఢిల్లీలోని నెహ్రూ స్మారక గ్రంథాలయానికి అప్పగించారు. వాటిలో కొన్నింటిని తన మరణానంతరం చాలా ఏళ్లు గడిచేవరకు తెరువరాదని నిబంధన పెట్టారు. 2002 జనవరి 20వ తేదీన ఆయన కన్నుమూశారు.